బలాకా: కత్తా, తూటానా?

పాతపేపరు: 2013 డిసెంబరులో పేపర్లో చదివిన వాక్యం ఒకటి బుర్రలోంచి పోవట్లేదు. "బంగీలోకి చొరబడిన బలాకా వ్యతిరేకులు..." తర్వాతది గుర్తులేదు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో సెలెకా అనే తిరుగుబాటు దళాలు మార్చిలోనే రాజధాని బంగీ పట్టుకున్నాయి, అధ్యక్షుడు బొజిజె పారిపోయాడు, అంతవరకు సరే. మధ్యలో ఈ బలాకా ఎవరండీ?

నిఘంటుప్రియ: బలాకా అనేవాళ్లు ఎవరూ లేరు. 'ఆంటీ-బలాకా' మొత్తం కలిపి సెలెకా మీద తిరగబడ్డ దళాల పేరు. డెస్కులో ఎవరో సగం తెనిగించి వదిలేశారు. అక్కడి సాంగో భాషలో బలాకా అంటే కత్తి అని చెబుతారు.

మాష్టారు: మనకి మాత్రం బలాక అంటే కొంగ. మేఘసందేశంలో మబ్బుకి తోడుగా బారులు కట్టేవి ఇవే కదూ! నల్లటి మబ్బు మీద తెల్లటి దండ. ఆహా!

సీమకుర్రోడు: మాష్టారూ, కొంగల్ని కాసేపు వదిలేయండి. కత్తంటే ఏ కత్తి? ఫోటోల్లో ఉన్నది మా వేటకొడవలి కాదు, మచ్చుకత్తి.

ఫ్రెంచిపంతులు: అసలు కత్తే కాదు. ఫ్రెంచిలో 'బాల్' అంటే తూటా, ఏకే-47 తుపాకీలోని ఏకే అక్షరాల్ని 'ఆ-కా' అని పలుకుతారు. కలిపితే బలాకా. మెడ నిండా, ఛాతీ మీద గుత్తులుగా వేలాడే తాయెత్తులు చూడలేదా? తూటా తగలదని వాళ్ల నమ్మకం. కాబట్టి 'వ్యతిరేక' తప్పు, 'నిరోధక' అనాలి.

నిఘంటుప్రియ: సంధి మరీ చక్కగా కుదిరింది, నా అనుమానమల్లా అదే. సెలెకా రాకముందే దారిదోపిడీగాళ్ల మీద ఊళ్లవాళ్లు కాపలా దళాలు పెట్టుకున్నారు. పల్లెటూళ్లో ఫ్రెంచి సంధులు ఎవడు చేస్తాడండీ?

ఫ్రెంచిపంతులు: ఆ దోపిడీగాళ్ల చేతుల్లో ఏకేలే ఉండేవి మరి!

సీమకుర్రోడు: సంధంటే గుర్తొచ్చింది. 2019లో ప్రభుత్వానికీ 14 సాయుధ దళాలకీ సూడాన్‌లోని ఖార్టూమ్‌లో కుదిరిన సంధి రెండేళ్లు కూడా నిలవలేదు. 2020 డిసెంబరులో సెలెకా ముక్కలూ బలాకా ముక్కలూ కలిసి ఒకే కూటమి కట్టాయి.

నిఘంటుప్రియ: సెలెకా అంటే సాంగోలో కూటమే. అంటే బలాకాలు కూడా సెలెకా అయిపోయారన్నమాట!

మాష్టారు: ఇంతకీ చివరి దీర్ఘం ఎందుకో ఎవరూ చెప్పరేం? సంస్కృతంలో బలాకా, తెలుగులోకొస్తే బలాక.

పాతపేపరు: మాష్టారూ, నా వాక్యం చివర క్రియ ఏమై ఉంటుందో...

మాష్టారు: కొంగలైతే 'ఎగిరాయి'.