తిరుపతిలో ఉండి ప్రేమించే మనిషిని వెతుక్కునేది ఎట్లా?

తిరుచానూరు_అమ్మాయి:
నాకు 28. తిరుపతిలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేస్తా ఉండా. మా నాన్న ఒక మ్యాట్రిమోనీ ప్రొఫైల్ పెట్టినాడు. దాంట్లో కులం, నక్షత్రం, పాదం, జీతం అన్నీ రాసినాడు. ఫోన్లు ఆయనకే వస్తాయి, నాతో ఎవరూ మాట్లాడరు.

డేటింగ్ యాప్ కూడా వేసుకున్నా. అది ఫోన్ ఉన్న చోటుని బట్టి మనుషుల్ని చూపిస్తుంది. అందుకే కొండకి వచ్చినోళ్లంతా మనూరోళ్ల మాదిరే కనపడతారు. ఒకాయన బాగా మాట్లాడినాడు, పుస్తకాల గురించి, వాళ్లమ్మ గురించి. దర్శనం అయినాక చెన్నై వెళ్లిపోయినాడు, మాటలూ ఆడికే ఆగిపోయినాయి. నాకు చాలా బాధేసింది. ఇంక నిజంగా ఈ ఊర్లో ఉండేవాళ్లంటే కాలేజీ పిల్లలే ఎక్కువ. పైగా మా వీధోళ్లు ఎవరైనా నా ఫోటో చూస్తారేమోనని భయం.

నాకు ప్రేమించే పెళ్లి చేసుకోవాలని ఉంది. మీకు ఎట్లా పరిచయం అయిందో, జరిగింది జరిగినట్టు చెప్పండి.

చిత్తూరు_అక్క:
చెల్లీ, మాది మ్యాట్రిమోనీలో కుదిరిన సంబంధమే. అయినా నేను ప్రేమ పెళ్లనే చెప్తా.

ముందు ఆ ప్రొఫైల్ నీ చేతిలోకి తీసుకో. నేను మా నాయన నంబరు తీసేసి నాది పెట్టినా. ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు, తర్వాత సర్దుకున్నారు. నా గురించి రాసే చోట నేనే రాసినా: ఉద్యోగం మాననని, మాయమ్మకి డయాలసిస్ జరుగుతా ఉందని, పెళ్లైనా ఆమె బాధ్యత నాదేనని. అది పెట్టినాక అడిగేవాళ్లు బాగా తగ్గిపోయినారు. తగ్గనీ అనుకున్నా. ఒకాయన మాత్రం, "మీ అమ్మకి వారానికి ఎన్నిసార్లు చేయించాల? ఎవరు తీసుకుపోతారు?" అని రాసినాడు.

చిత్తూర్లో కూర్చుని మాట్లాడాలంటే గాంధీ రోడ్డులో ఎవరో ఒకరు చూస్తారు. అందుకని కాణిపాకం పోయినాం, వాళ్ల చెల్లెలు కూడా వచ్చింది. సత్య ప్రమాణాల దేవుడి ఎదురుగా ఉండాం, అంతా చెప్పుకుందామన్నా. ఆయప్ప తన బంగారు లోను, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు, నెలకి ఎంత కడతాడో అన్నీ చెప్పినాడు. నేను అడగకముందే. ఆ పొద్దే నాకు మనసు పడింది. పెళ్లిచూపులు ఆ తర్వాత చాన్నాళ్లకి, పెద్దోళ్ల కోసం.

నువ్వు కూడా జీతం అడిగేముందు అప్పు అడుగు. తాగుడు అడుగు. మీ అమ్మానాన్నల్ని చివరికి ఎవరు చూసుకోవాలో అడుగు. కోపగించుకుంటే అదీ జవాబే.

బైరాగిపట్టెడ_అన్న:
మాది అలిపిరి మెట్ల దారి. ఆదివారం తెల్లారి మెట్లెక్కే గుంపులో ఆమె కూడా వస్తా ఉండె. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు మనిషి గుణం బయటపడుతుందబ్బా. ముసిలోళ్ల సంచి తను పట్టుకునేది, నీళ్లు అందరికీ ఇచ్చినాకే తాగేది. ఒక్క పూట చూసుంటే నాకు తెలిసేది కాదు, వారం వారం చూసినా కాబట్టి తెలిసింది.

మా కులాలు వేరు. అందుకని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నాం. ఇద్దర్లో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండుండాల. నోటీసిచ్చినాక ఇంకో 30 రోజులు ఆగాల. సంతకానికి ముగ్గురు సాక్షులు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాల. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేటట్టు పెడతారు, కాబట్టి ఇంట్లో ముందే చెప్పుకోవడం మేలు. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే ఇంట్లోవాళ్ల, కులపోళ్ల అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మా అత్తగారు ఇప్పుడు మాతోనే ఉంటారు.

పుత్తూరు_టీచరమ్మ:
యాప్ మానక్కర్లేదమ్మా. మొదట్లోనే ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడు. మొదటిసారి కలిసేది పగలే, నలుగురూ తిరిగే చోటే. ఎక్కడ కలుస్తా ఉండావో ఒక స్నేహితురాలికి చెప్పిపో. ముఖం చూపించకుండా డబ్బు అడిగినాడంటే ఒక్క రూపాయి పంపొద్దు. పంపి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

తిరుచానూరు_అమ్మాయి:
అక్కా, అప్పు సంగతి అడగొచ్చని నాకు తోచనే లేదు. అన్నా, ఆ గుంపులోకి కొత్తోళ్లు రావచ్చా? నాకు ఆదివారం డ్యూటీ మధ్యాహ్నమే.

బైరాగిపట్టెడ_అన్న:
రామ్మా. తెల్లారి 5కి పాదాల మండపం దగ్గర ఉంటాం. మా ఇంట్లోది కూడా వస్తుంది. ఆధార్ కార్డు తెచ్చుకో.