అప్‌డేట్: గురుగ్రహం పట్టీలు కనిపించాయి
లెన్స్ తీసేసిన వెబ్‌క్యామ్‌ను 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే) టెలిస్కోపుకు తగిలిస్తే గురుగ్రహం గులాబీ ఛాయ ఉన్న తెల్లటి ముద్దలా వస్తోందని, కారణమేమిటని మొన్న అడిగాను.

మీరు చెప్పినట్టే దోషం ఆటో ఎక్స్‌పోజర్‌ది, అంటే వెలుగును కెమెరా తనంతట తానే సర్దుకోవడానిది. చుట్టూ నల్లటి ఆకాశం ఉండటంతో కెమెరా వెలుగు చాలదనుకొని పెంచేస్తోంది. ఆటో ఆపి ఎక్స్‌పోజర్, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) బాగా తగ్గించగానే రెండు ముదురు పట్టీలు తేలాయి! ఉపగ్రహాలు మాత్రం మాయం. వాటికి వేరే వీడియో తీయాల్సిందే. గులాబీ రంగుకు కారణం లెన్స్‌తోపాటు ఊడిపోయిన, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే ఫిల్టర్. వెబ్‌క్యామ్‌ను టెలిస్కోపుకు తగిలించే 1.25 అంగుళాల గొట్టానికి కొత్తది బిగించాక అదీ పోయింది.

ఇక మా అమలాపురం గాలి సంగతి. పగలంతా కాగిన డాబా పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, గ్రహం మరిగే నీటి అడుగున ఉన్నట్టు వణుకుతుంది. అందుకే అది కొబ్బరిచెట్లు దాటి నడినెత్తికి వచ్చేదాకా ఆగుతున్నాను. వీడియో రెండు నిమిషాలు మించనివ్వను. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను ఒక చుట్టు తిరిగేస్తాడు, ఆలస్యమైతే వివరాలు చెరిగిపోతాయి. మంచి ఫ్రేములను ఏరి ఒకదానిపై ఒకటి పేర్చే పని ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ది.

టెలిస్కోపులోని చిన్న (సెకండరీ) అద్దానికి పట్టే చెమ్మకు హెయిర్ డ్రయ్యర్ చిట్కా పనిచేసింది, మా అమ్మాయి దాన్ని ఇచ్చినంతకాలం.