బెంచ్‌టాప్ ఎన్ఎమ్ఆర్‌కి పారాహైడ్రోజన్: మన సీమ ల్యాబులకు పనికొస్తుందా?

సీమ స్కాలర్, అనంతపురం:
మా డిపార్ట్‌మెంట్‌లో 60 మెగాహెర్ట్జ్ బెంచ్‌టాప్ ఎన్ఎమ్ఆర్ ఉంది (అయస్కాంతంలో పెట్టి అణువుల నిర్మాణం తేల్చే మెషీన్, బల్ల మీద పట్టే రకం). ప్రోటాన్ స్పెక్ట్రం ఫర్వాలేదు. కార్బన్ తీయాలంటే మాత్రం రాత్రంతా స్కాన్లు పెట్టినా పీకులు నాయిస్‌లోంచి పైకి లేవవు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. బెంగళూరుకు శాంపిల్ పంపితే మా వంతు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పారాహైడ్రోజన్‌తో (రెండు ప్రోటాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉండే హైడ్రోజన్ రకం) సిగ్నల్ పెంచే సేబర్ (SABRE) పద్ధతి మొదలుపెడదామని అడిగితే, "అది పెద్ద మెషీన్లు ఉన్నవాళ్ళ పని, మనకెందుకు" అన్నారు మా గైడ్ సార్. మీరేమంటారు?

కడప లెక్చరర్:
నేనూ వద్దనే అంటాను, కారణం వేరు. సేబర్‌లో పారాహైడ్రోజన్, మీ అణువు రెండూ ఒకే ఇరిడియం లోహపు కాంప్లెక్స్‌కి అతుక్కోవాలి, మీ అణువు కాసేపుండి ఊడిపోవాలి. పిరిడిన్ (వలయంలో ఒక నైట్రోజన్ ఉన్న అణువు) లాంటి వాటికి అది కుదురుతుంది. మన పిల్లలు చేసే ఎస్టర్లు, కీటోన్ల సంగతేంటి? పైగా పీక్ పెద్దదైనంత మాత్రాన పదార్థం ఎక్కువుందని కాదు. ఒకే అణువులో ఒక ప్రోటాన్ సిగ్నల్ బాగా పెరుగుతుంది, పక్కదానిది అంత పెరగదు. పీకుల వైశాల్యం కొలిచే ఇంటిగ్రేషన్‌నే నమ్మలేకపోతే విద్యార్థికి ఏం నేర్పుతాం?

కర్నూలు కెమిస్ట్:
మేడమ్ చెప్పిన పరిమితి నిజం. కానీ పెద్ద మెషీన్ కావాలన్న మాట నేను ఒప్పుకోను. మామూలు ఎన్ఎమ్ఆర్‌లో సిగ్నల్ ఎంత రావాలో అయస్కాంతమే తేలుస్తుంది. 1 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) దగ్గర, గది ఉష్ణోగ్రతలో, పది లక్షల ప్రోటాన్లలో అటు తిరిగినవాటికీ ఇటు తిరిగినవాటికీ మనకు మిగిలే తేడా మూడో నాలుగో. మిగతావన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సేబర్‌లో ఆ తేడా పారాహైడ్రోజన్ నుంచి, మెషీన్ బయటే వస్తుంది. కాబట్టి మెషీన్ అయస్కాంతం ఎంత బలహీనమైతే, మామూలు సిగ్నల్‌తో పోలిస్తే లాభం అంత ఎక్కువ. 2018లో ఇంగ్లండ్‌లోని యార్క్ బృందం 1 టెస్లా బెంచ్‌టాప్ మీద పిరిడిన్ ప్రోటాన్ సిగ్నల్‌ని 17,000 రెట్ల దాకా పెంచింది. 4-మిథైల్‌పిరిడిన్ కార్బన్ స్పెక్ట్రం, ఐసోటోప్ లేబుల్ (అణువులో కార్బన్-13ని ప్రత్యేకంగా చేర్చడం) ఏమీ లేకుండానే, ఒక్క స్కాన్‌లో తీశారు. స్కాన్లు పెంచుకుంటూ పోయి వంద రెట్లు మెరుగుపడాలంటే పదివేల రెట్లు స్కాన్లు కావాలి. రాత్రంతా పెట్టినా మీకు పీకులు రానిది అందుకే తమ్ముడూ.

పారాహైడ్రోజన్ మనమే చేసుకోవచ్చు. మామూలు హైడ్రోజన్‌లో పారా 25 శాతం. రాగి గొట్టంలో యాక్టివేటెడ్ బొగ్గు గానీ ఐరన్ ఆక్సైడ్ గానీ నింపి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, గ్యాస్‌ని అందులోంచి పంపితే సుమారు 50 శాతం అవుతుంది. దాంతో వచ్చే సిగ్నల్ పూర్తి పారాతో వచ్చేదాంట్లో మూడో వంతు. 17,000లో మూడో వంతైనా వేలల్లోనే ఉంది కదా! లిక్విడ్ నైట్రోజన్ మన జిల్లాలకు కొత్తేం కాదు, పశువుల కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాలను ఆ క్యాన్లలోనే పెడతారు.

వాల్వ్ ఉన్న ట్యూబులో శాంపిల్, క్యాటలిస్ట్ (ఆ ఇరిడియం కాంప్లెక్స్) వేసి, ఆక్సిజన్ పోయేలా డీగ్యాస్ చేసి, పైన మూడు నాలుగు బార్ పారాహైడ్రోజన్ గ్యాస్ ఎక్కించాలి. సుమారు 6.5 మిల్లీటెస్లా బలహీన అయస్కాంత క్షేత్రంలో పది సెకన్లు గట్టిగా ఊపి వెంటనే మెషీన్‌లోకి దించాలి. ఆ క్షేత్రం కోసం చిన్న అయస్కాంతాలను గుండ్రంగా పేర్చి చేత్తో పట్టుకునేలా చేసుకుంటే, ట్యూబును అందులో పెట్టే ఊపొచ్చు. ఆలస్యమైతే సిగ్నల్ సెకన్లలో పోతుంది. ఫ్యూమ్ హుడ్ లేకుండా మాత్రం హైడ్రోజన్ జోలికి పోవద్దు, దండం పెట్టి చెప్తున్నా.

కడప లెక్చరర్:
లిక్విడ్ నైట్రోజన్ సంగతి బాగుంది. పదార్థం ఎంత ఉందో తేల్చే సంగతికి జవాబు రాలేదు. చేత్తో ఊపితే మనిషి మనిషికీ తేడా వస్తుంది.

కర్నూలు కెమిస్ట్:
వస్తుంది మేడమ్. స్టాండర్డ్ అడిషన్ (తెలిసిన మోతాదులు కలుపుతూ సిగ్నల్ ఎంత పెరిగిందో పోల్చడం) చేయాలి, ఒక్కరే ఊపాలి. అప్పుడు కూడా పర్సంటేజీలు థీసిస్‌లో పెట్టేముందు వేరే పద్ధతిలో సరిచూడాల్సిందే. నేను దీన్ని వాడమంటున్నది పదార్థం ఉందా లేదా, నిర్మాణం ఏమిటి అని తేల్చడానికి. టీబీ మందులు ఐసోనియాజిడ్, పైరజినమైడ్ సిగ్నళ్ళు సేబర్‌తో పెరుగుతాయి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్‌కి అంతకంటే మంచి శాంపిల్ ఏముంది?

సీమ స్కాలర్, అనంతపురం:
అన్నా, మా కాంపౌండ్లు ఎక్కువగా పిరిడిన్‌వే. కొన్నింటిలో నైట్రోజన్ పక్కనే మిథైల్ ఉంది. అవి అతుక్కుంటాయా?

కర్నూలు కెమిస్ట్:
2వ స్థానంలో మిథైల్ ఉంటే ఇరిడియం దగ్గరికి రావడం కష్టం. 3, 4 స్థానాల్లో ఉన్నవి ముందు చేయి. ఆ స్పెక్ట్రం, మామూలు స్పెక్ట్రం పక్కపక్కన పెట్టి మీ సార్‌కి చూపించు.