రైజ్, రెయిజ్ తేడా తేలిగ్గా గుర్తుండేలా ఎవరైనా చెప్పండి ప్లీజ్

పటమట_పిల్ల:
బ్యాంక్ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్నా, ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ రెండూ వస్తే బుర్ర తిరిగిపోతోంది. డిక్షనరీ చూస్తే పెరగడం, పెంచడం, లేవడం, లేపడం అన్నీ ఉన్నాయి, ఏది దేనిదో అర్థం కాలా. 'ది కాలేజ్ రోజ్ ది ఫీజ్' తప్పంట. 'ప్రైసెస్ ఆర్ రెయిజింగ్' కూడా తప్పేనంట, అది రోజూ అందరూ అనేదే కదా?

అరండల్‌పేట_అన్న:
ఆన్సర్ మీ ప్రశ్నలోనే ఉందండీ. పెరగడం, లేవడం అయితే రైజ్. పెంచడం, లేపడం అయితే రెయిజ్. మన యార్డులో మిర్చి రేటు పెరిగింది అంటే రోజ్, వ్యాపారులు రేటు పెంచారు అంటే రెయిజ్డ్. "కాలేజీ వాళ్లు ఫీజు పెరిగారు" అని మనం నిద్రలో కూడా అనం కదా, మీరు రాసిన ఆ మొదటి సెంటెన్స్ ఇంగ్లీషోళ్ల చెవికి అచ్చం అలాగే ఉంటది.

కృష్ణలంక_కుర్రోడు:
అన్న చెప్పింది కరెక్టే గానీ ఎగ్జామ్‌లో దెబ్బకొట్టేది పాసివ్. వరదొచ్చి కృష్ణలో నీళ్లు పెరిగితే రైజ్, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే రెయిజ్. ఆ 70 గేట్లలో ఒక్కటి కూడా దానంతటది లేవదు కాబట్టి ఎత్తిందెవరో సెంటెన్స్‌లో లేకపోయినా 'ది గేట్స్ వర్ రెయిజ్డ్' అనే రాయాలి. రైజ్‌కి పాసివే లేదు, 'వర్ రిజన్' అని ఆప్షన్ కనపడితే కళ్లు మూసుకుని కొట్టేయండి.

పటమట_పిల్ల:
మరి 'ప్రైసెస్ హావ్ రిజన్', 'ప్రైసెస్ హావ్ బీన్ రెయిజ్డ్' రెండిట్లో ఏది కరెక్ట్?

అరండల్‌పేట_అన్న:
రెండూనండీ. మొదటిదాంట్లో అవే పెరిగాయి, రెండోదాంట్లో ఎవరో పెంచారు. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ రేటు అడిగితే "పెరిగిందండీ" అంటాడు గానీ "పెంచానండీ" అని ఏ ఓనరూ అనడు చూడండి, అదీ తేడా. ఫామ్స్ మాత్రం బట్టీ పట్టాల్సిందే: రైజ్, రోజ్, రిజన్. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్.

బ్రాడీపేట_మేడమ్:
పిల్లల్ని పెంచడం కూడా రెయిజే అమ్మా. ప్రశ్న లేవనెత్తడం రెయిజ్, సమస్య తలెత్తడం మాత్రం అరైజ్, అది రైజ్ బాపతు. జీతం పెరిగితే దాన్ని నౌన్‌గా అమెరికా వాళ్లు రెయిజ్ అంటారు, బ్రిటన్‌లో రైజ్, మనోళ్లు హైక్ అంటారు, కాబట్టి అక్కడ కంగారుపడకు. ఇదే లెక్క 'లై' (lie), 'లే' (lay) అనే జంటకి కూడా పనికొస్తుంది, పడుకోవడం 'లై', పడుకోబెట్టడం 'లే', కాకపోతే 'లై'కి పాస్ట్ టెన్స్ కూడా 'లే' అనే మాటే అయి కూర్చుంది, దానికి విడిగా పోస్ట్ పెట్టు.