అప్‌డేట్: రంధ్రాలను గుర్తుపట్టని సాఫ్ట్‌వేర్ సంగతి తేలింది

జడ్చర్లలోని మా సీఎన్‌సీ షాపుకు (కంప్యూటర్ నడిపే యంత్రాలతో ముక్కలు కోసే చోటు) వచ్చిన స్టెప్ ఫైలులో, అంటే ముక్క 3డీ మోడల్‌లో, యంత్రానికి కోత దారులు వేసే సాఫ్ట్‌వేర్ 12 రంధ్రాలలో నాలుగింటిని, ఒక పాకెట్‌ను (లోపలికి తొలిచే గుంట) గుర్తుపట్టడం లేదని పోయిన వారం ఇక్కడ అడిగాను.

ఆ నాలుగూ కంటికి గుండ్రంగానే ఉన్నాయి. గోడ మీద క్లిక్ చేస్తే మాత్రం సిలిండర్ అని కాకుండా స్ప్లైన్ ఉపరితలం (ఎటైనా వంగగల వంపు తలం) అని చూపింది. వ్యాసమే లేని గోడను అది రంధ్రమని ఎలా అనుకుంటుంది? పని ఇచ్చిన పార్టీని అడిగి, మూల మోడల్ నుంచి మళ్లీ తీయించిన ఫైలులో నాలుగూ దొరికాయి. మీలో ఒకరు ఇది ముందే చెప్పారు, నేనే నమ్మలేదు.

పాకెట్ కథ వేరు. దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గాడి పోతోంది. అడుగు రెండు ముక్కలైంది, గోడలు తెగాయి. మోడల్ ముఖాలు (తలాలు) ఏ అంచుల దగ్గర లోపలి మూలగా కలుస్తున్నాయో చూసి ఆకారాన్ని పోల్చుకునే సాఫ్ట్‌వేర్ పద్ధతి సరిగ్గా ఇలాంటి చోటే దారి తప్పుతుంది. ముఖాలను నేనే ఎంచి ఇచ్చాను, రెండు నిమిషాల పని.

అసలు గండం వేరే చోట ఉంది. అది చక్కగా గుర్తుపట్టిన 6.8 మి.మీ. రంధ్రాలు నిజానికి లోపల ఎం8 (8 మి.మీ. బోల్టు) మరలు కోయడానికి వేసినవి. మర మోడల్‌లో లేదు, డ్రాయింగ్‌లోనే ఉంది. ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వేయకుండానే ముక్కను దింపేసేవాణ్ణి. మా ఆపరేటర్ డ్రాయింగ్ తెచ్చి ముందు పెట్టాడు.