బాలింతల డిప్రెషన్ మందు: ఇక్కడ మళ్ళీ ట్రయల్ చెయ్యాలా, నేరుగా తెచ్చుకోవాలా?

శ్రీలత_మల్కాజిగిరి (చర్చ మొదలుపెట్టినవారు)
సూటిగా అడుగుతున్నాను. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కి జురానొలోన్ అనే మాత్రకు అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. రోజుకొకటి చొప్పున 14 రోజులు వేసుకోవాలి. అంతకుముందు 2019లో బ్రెక్సనొలోన్ వచ్చింది గానీ దాన్ని 60 గంటలపాటు నరంలోకి ఎక్కించాల్సి వచ్చేది, ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చేది. పసిబిడ్డ ఉన్నావిడకు అది జరిగే పనా?

మన డ్రగ్స్ కంట్రోలర్ 2024 ఆగస్టులో ఒక ఉత్తర్వు ఇచ్చారు. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా యూనియన్‌లలో అనుమతి ఉన్న కొన్ని రకాల మందులకు ఇక్కడ మళ్ళీ ట్రయల్ (మనుషుల మీద పరీక్ష) అవసరం లేకుండా మినహాయింపు ఇవ్వొచ్చట. ఇప్పుడున్న వైద్యం కంటే బాగా మెరుగైన కొత్త మందులు కూడా ఆ రకాల్లో ఉన్నాయి. మరి ఇలాంటి మాత్రకి ఆ దారి ఎందుకు వద్దు? మన బాలింతల్లో సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఏడుస్తుంటే పక్కన కూర్చుని మార్కులు వేసుకోవడం ఎవరికోసం?

సాయి_కూకట్‌పల్లి
శ్రీలత గారూ, నేను ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేశాను, వేరే జబ్బులవి. ఆ ఉత్తర్వు అన్ని మందులకీ కాదు. మినహాయింపు ఇచ్చినా మార్కెట్లోకి వచ్చాక నాలుగో దశ ట్రయల్ చెయ్యాల్సిందే.

ఇక్కడ ఎందుకు పరీక్షించాలో ఒక్క కారణం చెప్తాను. ఈ మాత్రని సాయంత్రం కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. అమెరికాలో భోజనం అంటే చీజు, మాంసం. మన ఇళ్ళలో బాలింతకి పథ్యం పేరుతో రాత్రికి పెట్టేది ఏమిటి? మెత్తటి అన్నం, వెల్లుల్లి కారం. కొన్ని ఇళ్ళలో నెయ్యి పోస్తారు, కొన్ని ఇళ్ళలో "అరగదు" అని అదీ పెట్టరు. టీబీకి వాడే రిఫాంపిసిన్ లాంటివి కూడా ఈ మందు పనితనాన్ని తగ్గిస్తాయి. మన దగ్గర టీబీ ఎంత ఉందో తెలుసు కదా. మన ఇళ్ళలో ఇవి ఎలా కుదురుతాయో అక్కడి కాగితాల్లో దొరకదు.

అల్వాల్_తాతయ్య
తల్లిపాల సంగతి ఏమిటి? మందు పాలల్లోకి వెళ్తుందా వెళ్ళదా, ముందు అది చెప్పండి.

సాయి_కూకట్‌పల్లి
వెళ్తుంది సార్, చాలా కొద్దిగా. తల్లి మోతాదుతో పోలిస్తే బిడ్డకు చేరేది 1 శాతం లోపే అని తేలింది. కానీ ఈ మాత్ర మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో జాగ్రత్త కోసం మందు వాడినన్ని రోజులూ, ఆపాక మరో 7 రోజులూ పాలివ్వొద్దన్నారు.

అల్వాల్_తాతయ్య
అంటే మూడు వారాలు. బిడ్డ నోటి దగ్గర పాలు తీసేసి మందు ఇస్తారన్నమాట. మా రోజుల్లో...

మాడరేటర్
తాతగారూ, "మా రోజుల్లో"కి వేరే చర్చ ఉంది 🙂 ఇక్కడ విషయం మీదే ఉండండి.

పాల్వంచ_వాసి
నాది పాల్వంచ, ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటున్నా. ట్రయల్ అనే మాట వింటేనే మా జిల్లా వాళ్ళకు ఒళ్ళు మండుతుంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు, సుమారు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో చదువుకునేవాళ్ళు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు పెట్టారు. పిల్లల మరణాల మీద గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఎన్ని చీవాట్లు పెట్టిందో చదువుకోండి. మా మేనకోడలికీ వేశారు. అది బాగానే ఉంది, దేవుడి దయ. కానీ మా అక్కకి ఆ సంగతి తెలిసింది పేపర్లో చూసి.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఏడుస్తున్న బాలింతల మీద పడతారా?

సాయి_కూకట్‌పల్లి
అన్నా, మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ చెప్పింది, అది కూడా రాయాలి కదా. ఇంకో ముఖ్యమైన విషయం: దాన్ని నడిపినవాళ్ళు ట్రయల్ అనలేదు. "ప్రదర్శన ప్రాజెక్టు" అన్నారు. ట్రయల్ అని ఒప్పుకుంటే ఎవరికి ఏమైనా వెంటనే రిపోర్టు చెయ్యాలి, పరిహారం లెక్క చెప్పాలి, పర్యవేక్షణ ఉండాలి. ఆ పేరు పెట్టకపోవడంతో అవేవీ పట్టలేదు. మీ ఉదాహరణ ట్రయల్‌కి వ్యతిరేకం కాదు, ట్రయల్ లేకుండా మందు దించడానికి వ్యతిరేకం. నేరుగా తెచ్చేద్దాం అంటున్న శ్రీలత గారిని అడగండి ఈ ప్రశ్న.

పాల్వంచ_వాసి
వార్డెన్ సంతకం పెట్టిన కాగితానికి మీరు ఏ పేరు పెడితే నాకేంటి? మా అక్కని అడగలేదు. నేను చెప్పేది అది.

సుమ_నాచారం
14416కి ఎవరైనా ఫోన్ చేశారా? టెలీ మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు. మందు గొడవ తేలేలోపు అదైనా ఉంది.

శ్రీలత_మల్కాజిగిరి
థాంక్స్ సుమ. నేను బిడ్డను కన్నప్పటికి ఆ నంబరు లేదు.

సాయి గారూ, నెయ్యి, అన్నం సంగతి మందు డబ్బా మీద రాయొచ్చు. "కొవ్వున్న భోజనంతో వేసుకోవాలి" అని తెలుగులో రాస్తే మా అమ్మకి అర్థమవుతుంది. దానికోసం ఏళ్ళ తరబడి ట్రయల్ ఎందుకు? మన దేశంలో జరిగిన సర్వేలన్నీ కలిపి చూసి, బాలింతల్లో 22 శాతం మందికి ఈ డిప్రెషన్ ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వేశారు. అయిదుగురిలో ఒకరు. సెర్ట్రాలిన్ లాంటి పాత మాత్రలు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. ఈ కొత్తదాని గుణం మూడో రోజుకే కనిపించింది. బిడ్డ వంక చూడబుద్ధి కాని మనిషికి మూడు రోజులకీ ఆరు వారాలకీ తేడా ఏమిటో మీ గ్రాఫులో తెలియదు.

పాల్వంచ_వాసి
ఆ లెక్కలు పూర్తిగా చెప్పండి మేడమ్. ఆ పెద్ద ట్రయల్ సుమారు 200 మందితో చేసింది. డిప్రెషన్ కొలిచే స్కేలుకి గరిష్ఠం 52. రెండు వారాలకి మందు వేసుకున్నవాళ్ళకి సగటున 15.6 తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి 11.6 తగ్గింది. తేడా 4. నాలుగు పాయింట్ల కోసం మొదట పెట్టిన ధర దాదాపు 16 వేల డాలర్లు. పైగా పోల్చింది ఉత్తుత్తి మాత్రతో, సెర్ట్రాలిన్‌తో కాదు. మెరుగైన మందు అంటున్నారు, దేనికంటే మెరుగు?

అల్వాల్_తాతయ్య
ఉత్తుత్తి మాత్రకే పదకొండు తగ్గిందా! అంటే మనిషి వచ్చి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగితే చాలన్నమాట. దానికి మందెందుకు? పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి మాట్లాడితే ఆరు నెలలకి డిప్రెషన్ సగానికి పైగా తగ్గిందని చదివాను. 53 శాతం ఉండాల్సింది 23 శాతం అయింది. మనకి ఆశా వర్కర్లు లేరా?

లక్ష్మి_ఆశా
ఉన్నాం సార్. టీకాలు, బరువులు, సర్వేలు, రిజిస్టర్లు, మీటింగులు అన్నీ మావే. ఇంకోటి పెడితే జీతం కూడా పెంచమని రాయండి.

సాయి_కూకట్‌పల్లి
పాల్వంచ అన్న అడిగింది సరైన ప్రశ్న, అందుకే ట్రయల్ కావాలంటున్నాను. ఇక్కడ చేస్తే సెర్ట్రాలిన్‌తోనే పోల్చమని అడగొచ్చు. అప్పుడు ఎవరికీ ఉత్తుత్తి మాత్ర ఇవ్వక్కర్లేదు. శ్రీలత గారి అభ్యంతరం కూడా తీరుతుంది.

శ్రీలత గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఎమోషన్‌తో డ్రగ్ పాలసీ నడవదు. ఈ మందుకి మత్తు ఉంది. వేసుకున్నాక 12 గంటలు బండి నడపొద్దని మందు వివరాల పత్రంలో ప్రత్యేకంగా హెచ్చరిక ఉంది. డేటా లేకుండా తెస్తే రేపు ఎవరికో ఏదో అయితే ముందు వచ్చి అరిచేది మీరే.

శ్రీలత_మల్కాజిగిరి
"ఎమోషన్." ఆ మాట మా ఇంట్లో రోజూ విన్నాను సాయి గారూ. కొత్తగా ఏదైనా చెప్పండి.

ఎలాగూ అడిగారు కాబట్టి రాస్తున్నాను. నాకు రెండో నెలలో సైకియాట్రిస్ట్ సెర్ట్రాలిన్ రాశారు. పాలిచ్చేవాళ్ళకి వాడొచ్చని కూడా చెప్పారు. మా అత్తగారు ఆ స్ట్రిప్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. పాలల్లోకి వెళ్తుందట, పిచ్చి మందులట, గాలి సోకింది తాయెత్తు కట్టిద్దామట. మా ఆయన "అమ్మ చెప్తోంది కదా, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. ఆ "కొన్నాళ్ళు" నేను పుట్టింటికి వచ్చేవరకూ సాగింది. డాక్టరు కూడా మళ్ళీ వెళ్ళినప్పుడు నన్ను కాదు, ఆయన్ని అడిగారు "ఎలా ఉంది?" అని.

అందుకే మందు మెడికల్ షాపులో దొరకాలంటున్నా. చీటీ పట్టుకుని నేనే వెళ్ళి కొనుక్కోవాలి. ట్రయల్ అంటే మళ్ళీ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒప్పించడమే కదా? కాదని చెప్పండి చూద్దాం. మీరు చేసిన ట్రయల్స్‌లో ఆడవాళ్ళు వస్తే భర్తని తీసుకురమ్మన్నారా లేదా?

సాయి_కూకట్‌పల్లి
రూల్ ప్రకారం అక్కర్లేదు. ట్రయల్స్ మీద 2019లో వచ్చిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది, వయసొచ్చిన మనిషి సంతకం ఆమెదే. సొంతంగా నిర్ణయించుకోలేని స్థితి ఉంటేనే ప్రతినిధి. బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ మీద కొత్త మందు పరీక్షిస్తే అంగీకారం తీసుకునేది వీడియో రికార్డు కూడా చెయ్యాలి.

వాస్తవం అడిగారు కాబట్టి, తీసుకురమ్మంటాం. లేకపోతే రెండో విజిట్‌కి ఆమె రాదు. ఇంట్లో ఆపేస్తారు.

శ్రీలత_మల్కాజిగిరి
చాలు, నాకు కావలసిన జవాబు ఇదే.

పాల్వంచ_వాసి
ఒక్క నిమిషం. తీసుకురమ్మనడం తప్పెలా అయింది? ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా చేసినందుకే కదా మా జిల్లాలో అంత రచ్చ అయింది. ఆ మనిషి తిండి మానేసి, నిద్ర లేక, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్తోంది. ఆ పరిస్థితిలో 20 పేజీల కాగితం చదివి సంతకం పెడుతుందా? దేనికైనా పెట్టేస్తుంది. ఇంటి పెద్ద సంతకం కూడా ఉండాలి, లేకపోతే ట్రయలే వద్దు. నా మాట ఇదే.

శ్రీలత_మల్కాజిగిరి
మీ మేనకోడలికి అప్పుడు 12 ఏళ్ళేమో. నాకు 29. ఎం.కామ్ చదివాను. ఏడుస్తున్నానే గానీ మతి పోలేదు. పాల్వంచలో తల్లిని అడగకపోవడం అన్యాయం. మా ఇంట్లో అత్తని అడగడం అన్యాయం. మీకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయా?

పాల్వంచ_వాసి
నాకు ఒకటే అనిపిస్తోంది, అడిగారు కాబట్టి చెప్తున్నా. రెండు చోట్లా బయటివాడు ఒంటరిగా దొరికిన ఆడపిల్లతో మాట్లాడుతున్నాడు. పైగా ఇది రాత్రిపూట మత్తుగా నిద్రపట్టే మాత్ర. పక్కన పసిబిడ్డ. అర్ధరాత్రి లేచి ఎత్తుకునేది ఎవరు? ఎత్తుకునేవాళ్ళకి తెలియకుండా ఎలా ఇస్తారు?

రవి_దిల్‌సుఖ్‌నగర్
ఇంతసేపటికి అసలు పాయింటు వచ్చింది. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

మాడరేటర్
రవి, ఇలాంటి చోట వద్దు.

శ్రీలత_మల్కాజిగిరి
ఎత్తుకునేవాళ్ళకి చెప్పండి. ఫలానా మందు వాడుతోంది, రాత్రి బిడ్డను మీరు చూసుకోండి అని. పర్మిషన్ మాత్రం అడగొద్దు.

పాల్వంచ_వాసి
వాళ్ళు "మేం చూడం, మందు మానెయ్" అంటే?

శ్రీలత_మల్కాజిగిరి
బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డల వార్డు ఉంది, 2009 నుంచి. మానసిక సమస్య ఉన్న తల్లిని బిడ్డతో సహా చేర్చుకుంటారు. ఇక్కడ ట్రయల్ చేస్తామనేవాళ్ళు ముందు ఆ పద్నాలుగు రాత్రులకి అలాంటి వార్డు చూపించాలి, లేదా ఇంటికి ఆయాని పంపాలి. ఖర్చు కంపెనీది. అది ఉంటే నేను ట్రయల్‌కి ఒప్పుకుంటాను. సెర్ట్రాలిన్‌తో పోల్చే ట్రయల్ అయితేనే. ఇంటి పెద్ద సంతకానికి మాత్రం చచ్చినా ఒప్పుకోను.

సాయి_కూకట్‌పల్లి
ఆయా ఖర్చు రాసిన ప్రోటోకాల్, అంటే ట్రయల్ ప్రణాళిక, నేనైతే చూడలేదు. ఆటో చార్జీలు, భోజనం, పోయిన కూలీ డబ్బులు రాస్తారు. ట్రయల్‌ని పరిశీలించి ఒప్పుకునే ఎథిక్స్ కమిటీ పట్టుబడితే ఇదీ రాయించొచ్చు. కమిటీలో బయటి సామాన్యులు కూడా ఉండాలని రూలు ఉంది, అడిగేవాళ్ళు ఉండాలి అంతే.

పాల్వంచ_వాసి
ఆయా ఉంటే రాత్రి భయం పోతుంది, ఒప్పుకుంటా. సంతకం దగ్గర నేను ఒప్పుకోను. ఆమెతో పాటు ఆమె ఎంచుకున్న మనిషి ఒకరు, తల్లో చెల్లో స్నేహితురాలో, వీడియోలో పక్కన కూర్చోవాలి. అత్తే కానక్కర్లేదు.

శ్రీలత_మల్కాజిగిరి
నేను ఎంచుకున్న మనిషా? కూర్చోవచ్చు. సంతకం పెట్టదు.

పాల్వంచ_వాసి
పెట్టాలి.

అల్వాల్_తాతయ్య
మీరు తేల్చుకునేలోపు నాదొకటి. ఆ మూడు వారాలకి పాల డబ్బాల డబ్బులు కూడా కంపెనీయే ఇస్తుందా? 

సాయి_కూకట్‌పల్లి
మంచి ప్రశ్న సార్. డబ్బా పాలు ఉచితంగా పంచడం మీద 1992 నాటి పసిపిల్లల ఆహారాల చట్టంలో ఆంక్షలున్నాయి, కాబట్టి కంపెనీ నేరుగా డబ్బాలు ఇవ్వడం కుదరకపోవచ్చు. ఆస్పత్రి ద్వారా ఇవ్వాలి, లేదా పాలు పిండి పారబోస్తూ ఉంటే తర్వాత మళ్ళీ పట్టేలా చూడాలి. పాలు పిండే పంపు ఖర్చు కూడా ఆయా ఖర్చు పక్కనే రాయించాలి.