20 ఏళ్లు దాటిన ఆన్‌లైన్ ఆర్పీజీకి గ్రాఫిక్స్ మార్చాలా? బెంగళూరు గిల్డ్‌లో తెగని వాదన

ఎస్పీరోడ్:
మన బెంగళూరు తెలుగు గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే మన గుంపులో, ఇది ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. తేలితే ఆట కంపెనీకి అభ్యర్థన పంపాలి. ఆన్‌లైన్ ఆర్పీజీలు, అంటే పాత్ర వేసుకుని అందరితో కలిసి ఆడే ఆటలు, ఎప్పటివో చూడండి: ఎవర్‌క్వెస్ట్ 1999, రూన్‌స్కేప్ 2001, ఈవ్ ఆన్‌లైన్ 2003, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004. అన్నీ ఇంకా నడుస్తున్నాయి. వీటిలాంటి పాత ఆటలకు గ్రాఫిక్స్ మార్చాలా, వద్దా? నేనైతే మార్చాలనే అంటాను. కొత్తవాడు ముందు చూసేది స్క్రీన్‌షాట్. అది చూసే వెనక్కి పోతే లోపల క్వెస్టులు ఎంత బాగున్నా వాడికి తెలిసేదెలా? కొత్తవాళ్లు రాకపోతే డంజన్‌కి కలిసి వెళ్లే పార్టీ దొరకదు, ఆక్షన్ హౌస్‌లో సరుకు కదలదు, చివరికి పాతవాళ్లూ మానేస్తారు.

పాత క్లయింట్:
వద్దు. రూన్‌స్కేప్ సంగతే చూడండి. 2008లో హెచ్‌డీ, అంటే మెరుగైన గ్రాఫిక్స్, తెచ్చారు. చివరికి ఏమైంది? 2013 ఫిబ్రవరిలో 2007 ఆగస్టు నాటి బ్యాకప్ బయటికి తీసి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని విడిగా నడపాల్సి వచ్చింది. జనం పాత రూపాన్నే అడిగారు.

ఫ్రేమ్‌టైమ్:
తేదీలు సరిగ్గానే ఉన్నాయి అన్నా, కారణం అది కాదు. జనానికి ఒళ్లు మండింది 2012 నవంబర్‌లో ఫైటింగ్ పద్ధతి మొత్తాన్నీ మార్చేసినప్పుడు. హెచ్‌డీ అప్పటికే నాలుగేళ్లుగా ఉంది.

ఇంకో సంగతి. ఆ ఓల్డ్ స్కూల్ ఆటగాళ్లే 2021 సెప్టెంబర్‌లో 117 హెచ్‌డీ అనే ప్లగిన్ కోసం గొడవ చేశారు. రన్‌లైట్ అనే క్లయింట్‌కి (మన కంప్యూటర్‌లో ఆటను నడిపే ప్రోగ్రామ్) తగిలించుకునే అదనపు ముక్క అది. నీడలు, మంచి వెలుతురు, నీళ్ల మెరుపు ఇస్తుంది. విడుదలకు ముందు కంపెనీ ఆపమంది. ఆటలోనే గుంపులుగా చేరి నిరసన చేస్తే కొద్ది రోజుల్లోనే ఒప్పుకుంది. 2007 ఆటను ప్రాణంగా చూసుకునేవాళ్లే దాన్ని అడిగారంటే, వాళ్లకు వెగటు గ్రాఫిక్స్ మీద కాదు. నచ్చకపోతే సెట్టింగులో ఒక్క టిక్ మార్కు తీసేస్తే పాత రూపం వచ్చేస్తుంది కదా, అందుకే ఒప్పుకున్నారు.

పాత క్లయింట్:
ఆ ప్లగిన్ ఏం ముట్టుకోలేదో కూడా చెప్పండి మరి. ఓల్డ్ స్కూల్ సర్వర్ 0.6 సెకన్లకు ఒక టిక్, అంటే ఒక లెక్క, చొప్పున నడుస్తుంది. దెబ్బ, అడుగు, తిండి, ప్రేయర్ (దెబ్బ నుంచి కాపాడే రక్షణ) మార్చడం అన్నీ ఆ టిక్‌లోనే. తెర మీద మన బొమ్మ కనిపించే గడి, సర్వర్ లెక్కలో మనం ఉన్న గడి ఒకటి కావు. బొమ్మ వెనకబడి వస్తుంది. అసలు గడి చూపించడానికి విడిగా ప్లగిన్ పెట్టుకుంటారు. బాస్ (పెద్ద శత్రువు) చెయ్యి ఎత్తిన మొదటి ఫ్రేమ్ చూసి ప్రేయర్ మార్చే ఆటలో, యానిమేషన్‌ని నున్నగా చేస్తామని ముందొక అర సెకను కదలిక చేరిస్తే ఆ సూచన చచ్చిపోతుంది. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పీవీపీలో కూడా అంతే. ఎదుటివాడి చేతిలో ఏ ఆయుధం ఉందో ఆకారం చూసే చెబుతాం. దాని మీద మెరుపులు, పొగ కప్పితే ఆడేదెలా?

నేను వద్దన్నది ఈ మార్పుని. వెలుతురు మారిస్తే నాకు పెద్ద అభ్యంతరం లేదు.

ఆర్ట్ డెస్క్:
వెలుతురు మార్చడమే సులువు అనుకుంటున్నారు కదా, అసలు తలనొప్పి అక్కడే ఉంది. పాత రెండరర్లు (తెర మీద బొమ్మ గీసే కోడ్) రంగుల్ని గామా విలువల్లోనే, అంటే తెరకు పంపే అంకెల్లోనే, నేరుగా కూడేసేవి. ఒక గోడ మీద రెండు దీపాలు చెరి 50 శాతం వెలుగు వేస్తే పాత పద్ధతిలో 100, అంటే పూర్తి తెలుపు. లీనియర్ పద్ధతిలో, అంటే అసలు కాంతి మోతాదులో, సరిగ్గా లెక్కేస్తే తెర మీద వచ్చేది దాదాపు 69. అంటే లీనియర్‌కి మార్చిన రోజునే దీపాలు కలిసే ప్రతిచోటా వెలుగు తగ్గుతుంది, ఒక్క దీపం ఉన్నచోట వెలుగు ఇంకా దూరం పాకినట్టు కనిపిస్తుంది. కోట గుమ్మం దగ్గర రెండు కాగడాలు, వాటి మధ్య తెల్లగా వెలిగే రాయి, ఆ రాయిని గుర్తు పెట్టుకుని రాత్రిపూట దారి పట్టే జనం. కొత్త వెలుతురులో ఆ రాయి మామూలు బూడిదరంగు రాయి అయిపోతుంది. ప్రతి జోన్‌లో దీపాలన్నీ చేత్తో మళ్లీ సర్దాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

రెండోది, పాత టెక్స్చర్లలో (బొమ్మల మీద అంటించే చిత్రాలు) నీడ కూడా పెయింట్ చేసేసి ఉంటుంది. చొక్కా మడత కింద నలుపు, ఇటుక కింద నలుపు, వెలుగు ఎప్పుడూ పై ఎడమవైపు నుంచే వస్తున్నట్టు. దాని మీద నిజమైన నీడ వేస్తే ఒకే ఇటుకకు రెండు నీడలు, అవి కూడా చెరో దిక్కున. ముందు పెయింట్ చేసిన నీడ తీసేయాలి, ఆ తర్వాతే ఎత్తుపల్లాలు చూపే నార్మల్ మ్యాప్. రంగు టెక్స్చర్ నుంచే నార్మల్ మ్యాప్ పుట్టించే టూల్ వాడితే నల్లటి మరక కూడా గుంటలా కనిపిస్తుంది.

ఎస్పీరోడ్:
అక్కా, చిత్రాల్ని పెద్దవి చేసే ఏఐ అప్‌స్కేల్ ఉంది కదా? 512 పిక్సెళ్ల టెక్స్చర్లన్నీ ఒక రాత్రిలో 2048 పిక్సెళ్లవి అయిపోతాయి.

ఆర్ట్ డెస్క్:
అవుతాయి, కానీ ఆట ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు డీఎక్స్‌టీ కంప్రెషన్ అయినవి, 4×4 పిక్సెళ్ల గళ్లుగా. అప్‌స్కేలర్ ఆ గళ్లని కూడా వివరమే అనుకుని పదును పెడుతుంది, ముఖం మీద చదరపు మచ్చలు తేలతాయి. అసలు ఆర్టిస్ట్ దగ్గరి మూల ఫైలు దొరికితే దాన్నే తీసుకోవాలి. దొరక్కపోతే ముందు ఆ గళ్లను చెరిపే మోడల్‌తో ఒకసారి నడిపి, ఆ తర్వాత పెంచాలి. పారదర్శకత ఉండే ఆల్ఫా చానల్‌ని విడిగా తీసి విడిగా పెంచకపోతే ఆకుల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. నేల, గోడ లాంటివి పక్కపక్కన అతుక్కునే టెక్స్చర్లు. వాటికి నాలుగు వైపులా ఎదుటి అంచు నుంచి 16 పిక్సెళ్లయినా తెచ్చి అతికించి, పెంచాక కోసేయాలి. లేకపోతే మైదానం నిండా గీతలే.

హెబ్బాళ:
ఆ 2048 వెళ్లి కూర్చునేది ఎక్కడో చూద్దాం. 512 టెక్స్చర్ డీఎక్స్‌టీ1లో 128 కేబీ. 2048 టెక్స్చర్ డీఎక్స్‌టీ5లో 4 ఎంబీ, అంటే 32 రెట్లు. ఒక ఊళ్లో 1,000 టెక్స్చర్లు ఉన్నాయనుకుంటే 125 ఎంబీ కాస్తా 4 జీబీ దగ్గరికి వస్తుంది, దూరానికి వాడే చిన్న కాపీలు, అంటే మిప్‌మ్యాప్‌లకు, ఇంకో మూడో వంతు కలపండి. ఆట క్లయింట్ 32 బిట్‌ది అయితే విండోస్‌లో దానికి మామూలుగా దొరికే మెమరీ 2 జీబీ, లార్జ్ అడ్రస్ ఫ్లాగ్ పెడితే 64 బిట్ విండోస్‌లో 4 జీబీ. పాత గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్ 9లో, దాని మేనేజ్డ్ పూల్‌లో ఉన్న ప్రతి టెక్స్చర్‌కీ మామూలు ర్యామ్‌లో కూడా ఒక కాపీ ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులో 12 జీబీ ఉన్నా సరే, మూడు ఊళ్లు తిరిగేసరికి ఆట చెప్పకుండా మూసుకుపోయేది ఇందుకే. కాబట్టి 64 బిట్ క్లయింట్ రానిదే టెక్స్చర్ మాట ఎత్తకూడదు.

జనం గుమిగూడే చోటు ఇంకో గొడవ. 100 మంది, ఒక్కొక్కరి ఒంటి మీద 8 వస్తువులు, వస్తువుకో మెటీరియల్ అంటే 800 డ్రా కాల్స్ (గీయమని కార్డుకి ఇచ్చే ఆదేశాలు). నీడ కావాలంటే ఇంకో 800. అవన్నీ ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ మీద. కార్డు ఖాళీగా కూర్చుంటుంది, ఒక్క కోర్ మాత్రం నిండిపోతుంది. గిల్డ్ వార్స్ 2 వాళ్లు 2021లో డైరెక్ట్‌ఎక్స్ 11 బీటా తెచ్చింది ఈ బాధతోనే. ముందు అది, ఆ తర్వాత ఒక మనిషి ఒంటి మీది టెక్స్చర్లన్నీ ఒకే పెద్ద చిత్రంలో (అట్లాస్) కలపడం, నీడలు మన పార్టీ వాళ్లకే వేయడం. మొదటి ఫైనల్ ఫాంటసీ 14, 2010లో వచ్చి ఎందుకు కూలిందో తెలుసు కదా. ఆ కారణాల్లో ఒకటిగా డెవలపర్లే చెప్పుకున్నది ఒక పూలకుండీ. ఆటగాడి పాత్రకు ఉన్నన్ని పాలిగాన్లు (బొమ్మను కూర్చే చిన్న ముక్కలు) ఆ కుండీకి ఉన్నాయి.

రిచీ స్ట్రీట్:
చెన్నై నుంచి నాదొక మాట. టెక్స్చర్ల దాకా ఎందుకు, ముందు ఇంటర్‌ఫేస్ చూడండి. పాత ఆటల కిటికీలు 800×600కి గీసినవి. 1080 తెర మీద వాటిని రెండింతలు చేస్తే దొరికే చోటు 960×540 మాత్రమే, 600 ఎత్తు ఉన్న బ్యాగ్ కింద తెగిపోతుంది. ఒకటిన్నర రెట్లు చేస్తే బిట్‌మ్యాప్ అక్షరాలు మసకబారతాయి. 4కే తెర మీద మూడింతలు చేస్తే 1280×720, అక్కడ సరిపోతుంది. అందరి దగ్గరా 4కే ఉండదు కాబట్టి కిటికీలే తిరగగీయాలి, ఫాంట్ వెక్టర్ కావాలి.

ఫాంట్ ఎలాగూ మారుస్తారు కాబట్టి తెలుగు కూడా అడగాలి. ఇప్పుడు చాట్‌లో తెలుగు కొడితే పెట్టెలే. యూనికోడ్ ఫాంట్ పెడితే సరిపోదు, ఒత్తులు కలిపే షేపింగ్ ఇంజిన్ కావాలి, హార్ఫ్‌బజ్ లాంటిది. అది లేకపోతే 'క్ష' విడిపోయి క, పొల్లు, ష అని పడుతుంది. సర్వర్ వైపూ మార్పు ఉంది. అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కో కోడ్‌కి (అక్షరం, గుణింతం, పొల్లు దేనికదే) 3 బైట్లు, ఆ 'క్ష' ఒక్కటే 9. మెసేజ్‌కి 255 బైట్లే అని పరిమితి ఉంటే 85 కోడ్‌లకే అయిపోతుంది, చివరి అక్షరం మధ్యలో తెగితే మళ్లీ పెట్టె. ఇది చేస్తే గ్రాఫిక్స్ అప్‌డేట్‌కి నా రెండు చేతులూ ఎత్తుతా.

ఎస్పీరోడ్:
అన్నీ ఒప్పుకుంటా. కానీ ముఖాలు? పాత ముఖాలతో కొత్తవాణ్ణి ఎలా పిలుస్తాం? వార్‌క్రాఫ్ట్ 2014లో పాత్రల్ని కొత్తగా చేసింది, ఆట ఆగిపోలేదు కదా.

పాత క్లయింట్:
ఎవర్‌క్వెస్ట్ 2001 డిసెంబర్‌లో చేసింది. ఆప్షన్లలో ఒక్కో జాతికి పాత బొమ్మ, కొత్త బొమ్మ ఎంచుకునే వీలు ఇస్తేనే జనం ఊరుకున్నారు. ఫైనల్ ఫాంటసీ 14 సంగతైతే మొన్నటిది. 2024 ఏప్రిల్‌లో కొత్త గ్రాఫిక్స్ ముందే నడిపి చూసే బెంచ్‌మార్క్ ఇచ్చారు, కళ్లలో జీవం లేదని జనం మొత్తుకున్నారు. మే నెలలో సవరించిన బెంచ్‌మార్క్ మళ్లీ ఇచ్చారు, రూపం మార్చుకునే ఫాంటాసియా మందు ఒకటి ఉచితంగా పంచారు. ఏళ్ల తరబడి చూసుకున్న ముఖం అది. ముక్కు రవ్వంత మారినా తెలిసిపోతుంది.

ఆర్ట్ డెస్క్:
ముఖం ఒక్కటీ మార్చి ఊరుకుంటే బాగుండు. అస్థిపంజరం మారిస్తే పాత కవచాలన్నీ దాని మీద మళ్లీ బిగించాలి. 8 జాతులు, 2 లింగాలు, 400 సెట్లు అనుకోండి, 6,400 బిగింపులు. టూల్ చాలావరకు చేసిపెడుతుంది. భుజం దగ్గర, మోకాలి దగ్గర, టోపీ కింది జుట్టు దగ్గర మనిషి కూర్చోవాల్సిందే. ఆ డబ్బులు చిన్న కంపెనీ దగ్గర ఉండవు. 2018లో మొదటి గిల్డ్ వార్స్‌కి ఇద్దరు ఉద్యోగులు చేసిన పని చూడండి. దూరం కనిపించే మేర పెంచారు, అంచుల్ని నున్నగా చేసే 8 రెట్ల ఎంఎస్ఏఏ, ఏటవాలు నేలను స్పష్టంగా చూపే 16 రెట్ల అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ ఇచ్చారు. ఒక్క బొమ్మా మార్చలేదు, అయినా ఆట వేరేలా కనిపించింది.

ఎస్పీరోడ్:
అది పాతవాళ్లకు ముచ్చట. కొత్తవాడు స్క్రీన్‌షాట్‌లో చూసేది ముఖమే అక్కా. నేను ఆ మాట వదలను. రెండు రూపాలూ ఉంచమనండి.

హెబ్బాళ:
ఉంచొచ్చు, ఖర్చుంది. ఈవ్ 2007 డిసెంబర్‌లో ట్రినిటీ అనే అప్‌డేట్‌తో కొత్త గ్రాఫిక్స్ తెచ్చి పాతదీ పక్కన ఉంచింది, 2009 మార్చిలో పాతది తీసేసింది. రెండు ఉన్నన్నాళ్లు ప్రతి ఓడా రెండుసార్లు పరీక్షించాలి. పరీక్ష అంటే గుర్తొచ్చింది, అదే ట్రినిటీ ప్యాచ్ కొందరి విండోస్ ఎక్స్‌పీ బూట్ ఫైలునే తుడిచేసింది. ఆట ఫోల్డర్‌లో అదే పేరుతో ఉన్న ఫైలు బదులు సీ డ్రైవ్ మొదట్లో ఉన్నది పోయింది, సిస్టమ్ లేవలేదు. పెద్ద ప్యాచ్‌ని ముందు పరీక్ష సర్వర్‌లో కొన్ని వారాలు ఉంచాలి.

ఫ్రేమ్‌టైమ్:
ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్ల గురించి ఒక్క మాట. 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి డీడీఆర్4-3200 ర్యామ్ నుంచి సెకనుకు 25.6 జీబీ డేటా దొరుకుతుంది, రెండో స్టిక్ వేస్తే 51.2. కొత్త గ్రాఫిక్స్ వచ్చాక కార్డు కొనే ముందు ఎస్పీ రోడ్‌లో ఒక స్టిక్ కొని చూడండి. ముందు మీ ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉందో లేదో చూసుకోండి, కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.

పాత క్లయింట్:
ఎస్పీరోడ్, ముఖాల మీద నీ మాట నీదే, నా మాట నాదే. కంపెనీకి పంపే అభ్యర్థనలో మాత్రం ఇది రాయి: విడుదలకు ముందు మన పాత్రనే ఎక్కించుకుని చూసే బెంచ్‌మార్క్ ఇవ్వాలి. అందులో కాగడాల గుమ్మం రాత్రిపూట ఉండాలి, 100 మంది ఉన్న సంత ఉండాలి, ఒక బాస్ దెబ్బ పాత వేగంలో, కొత్త వేగంలో పక్కపక్కన ఉండాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) నాకక్కర్లేదు, అతి నెమ్మది 1 శాతం ఫ్రేములు చూపించాలి. లోపలి గ్రాఫిక్స్ మీద ఆ సంతలో అది 30 కిందికి పడితే నా ఓటు వద్దనే.